ఖాళీగానే ఉన్నావుగా!

తెలుగులో నాకు బొత్తిగా గిట్టని మాట ఒకటుంది. అది తిట్టు కాదు, బూతు కాదు. 'ఖాళీ' అనే మాట. "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త బాబుని ఎత్తుకో." "ఖాళీగానే ఉన్నావుగా, మా అమ్మాయి సైన్సు రికార్డులో బొమ్మలు వేసిపెట్టు." "ఖాళీగానే ఉన్నావుగా, మామ్మని ఆసుపత్రికి తీసుకెళ్లిరా." రోజుకు మూడుసార్లయినా ఈ మాట వింటాను. వింటున్నప్పుడు నా చేతిలో లేసు సూది ఉంటుంది, ఒళ్లో దారం ఉండ ఉంటుంది, పక్కన డీఎస్సీ పుస్తకం తెరిచి ఉంటుంది. అయినా నేను ఖాళీగానే ఉన్నట్టు లెక్క.

నాకు 27 ఏళ్లు. డిగ్రీ, బీఈడీ చేశాను. టెట్ పాసయ్యాను. 2025లో మన ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగింది కదా, అది రాశాను. లక్షల మంది రాసిన పరీక్ష. నాకు పోస్టు రాలేదు. మళ్లీ చదువుతున్నాను. ఈ లోపల ఇల్లు గడవాలి కాబట్టి అమ్మతోపాటు లేసు అల్లుతున్నాను. మాది నరసాపురం పక్కన పల్లె. పశ్చిమ గోదావరి జిల్లాలో ఈ చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం ఏ వీధిలోకి వెళ్లినా అరుగుల మీద ఆడవాళ్ల వేళ్లు ఆడుతూనే కనిపిస్తాయి. నోరు కబుర్లు చెబుతూ ఉంటుంది, చూపు టీవీ మీద ఉంటుంది, వేళ్లు మాత్రం ఆగవు. దూరం నుంచి చూసేవాళ్లకు అది కాలక్షేపంలాగే అనిపిస్తుంది.

ఈ పని 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా మా ప్రాంతానికి వచ్చింది. చేతిలో ఒక సన్నని కొక్కెం సూది, నూలు దారం ఉంటే చాలు. మగ్గం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు. గొలుసు వేసుకోవడంతో మొదలుపెట్టి పువ్వు, ఆకు, గళ్లు, అంచు అల్లుకుంటూ పోతాం. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అంచులు అల్లుతారు, మరొకరు ఆ ముక్కలన్నిటినీ కలుపుతారు. కలిపే పనిని అతుకుపని అంటారు. టేబులు మీద పరిచే గుడ్డలు, మంచం దుప్పట్లు, కిటికీ తెరలు, పళ్లెం కింద వేసే మ్యాట్లు ఇలాగే తయారై విదేశాలకు పోతాయి. సీతారాంపురంలో లేసు పార్కు కూడా ఉంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రోజు మా వీధిలో అందరి ఫోన్లలోనూ ఆ వార్తే. మా అమ్మ వార్తంతా విని, "మంచిదే. మరి మ్యాటుకి ఎంత పెంచుతారంట?" అని అడిగింది. వార్తలో ఆ సంగతి లేదు.

మా దగ్గరికి దారం ఏజెంటు ద్వారా వస్తుంది. తూకం వేసి ఇస్తారు. అల్లిన సరుకును మళ్లీ తూకం వేసి తీసుకుంటారు. తూకం తగ్గితే డబ్బు తగ్గుతుంది. ఇందులో అన్యాయం ఏముంది అంటారేమో. మా ఇంట్లో పిల్లి ఉంది, అదీ సంగతి.

పిల్లి పేరు ముత్యం. రెండేళ్ల కిందట వానాకాలంలో మా నాన్న పనిచేసే చోట ఇసుక గుట్ట దగ్గర తడిసి అరుస్తుంటే, సిమెంటు సంచిలో చుట్టి తీసుకొచ్చారు. తెల్లగా ఉందని మామ్మ ముత్యం అని పెట్టింది. తెల్ల పిల్లికి, తెల్ల దారానికి ఏం వైరమో గానీ, ఉండ కనబడితే దాని కళ్లు పెద్దవైపోతాయి. దొర్లిస్తుంది, గోళ్లతో పీకుతుంది, నములుతుంది. నమిలిన దారం పనికిరాదు. దాని వెంట్రుక ఒక్కటి గొలుసులో చిక్కుకుందంటే పట్టకారుతో తీయాలి. అందుకని దారం ఉండను మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, మూతకు మేకుతో చిల్లు కొట్టి, ఆ చిల్లులోంచి దారం బయటికి లాగుతూ అల్లుతున్నాను. ముత్యం ఆ డబ్బా పక్కనే కూర్చుని, కదిలే దారాన్ని గంటలకొద్దీ చూస్తుంది. నేను చేస్తున్నదాన్ని పనిగా గుర్తించి, శ్రద్ధగా గమనించే ప్రాణి మా వీధిలో అదొక్కటే.

వేసవిలో ఇంకో చిక్కు. చెమటకు దారం మాసిపోతుంది. వేళ్లకు పౌడరు రాసుకుంటూ, పది నిమిషాలకోసారి చెయ్యి తుడుచుకుంటూ అల్లాలి. కూరలో పసుపు వేసి, చెయ్యి కడిగి వచ్చినా గోరు చివర పచ్చదనం ఉంటుంది. అది అంటితే ఆ ముక్క తిరిగొస్తుంది. అంటే వంట చేసే చేత్తో లేసు అల్లకూడదు, కానీ లేసు అల్లే మనిషే వంట చేయాలి. ఈ లెక్క ఎలా కుదురుతుందో ఎవరూ అడగరు.

అసలు లెక్క ఎంతో చూద్దామని పోయిన నవంబరులో ఒక నోటు పుస్తకం పెట్టాను. సూది పట్టుకున్న టైము, దించిన టైము రాశాను. నెలలో 26 రోజులు, రోజుకు 5 గంటలు అల్లాను. మొత్తం 130 గంటలు. ఒక మ్యాటుకు రెండున్నర గంటలు పడుతుంది. 52 మ్యాట్లు అయ్యాయి. మ్యాటుకు 30 రూపాయలు. మొత్తం 1,560 రూపాయలు. ముత్యం నమిలిన దారానికి 60 పట్టుకున్నారు. చేతికి 1,500 వచ్చింది. తూకం తగ్గకపోయినా గంటకు 12 రూపాయలు. అదే పుస్తకంలో ఇంటి పని కూడా రాశాను: వంట, గిన్నెలు, బట్టలు, నీళ్లు, మామ్మ మందులు కలిపి రోజుకు 4 గంటలు. అది లేని రోజు నెలలో ఒక్కటీ లేదు. అమ్మది నాకంటే ఎక్కువ. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ లెక్క చదివి నా పుస్తకంలో అంకెలు అతిశయోక్తి కాదని ధైర్యం తెచ్చుకున్నాను.

మా నాన్న తాపీ మేస్త్రీ. వానాకాలంలో రెండు నెలలు పని దొరకదు. అరుగు మీద కూర్చుని పేపరు చదువుతారు. అప్పుడు ఎవరైనా వచ్చి ఆయన ఏం చేస్తారని అడిగితే మా అమ్మ "మేస్త్రీ అండి" అనే చెబుతుంది. అది నిజమే. పని లేకపోయినా పని తెలిసిన మనిషి ఆయన. ఆ మాట చెబుతున్నప్పుడు అమ్మ చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది. "మరి మీరమ్మా?" అని అడిగితే మాత్రం, "నేనేం చేస్తానండి, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. నలభై ఏళ్లుగా లేసు అల్లుతున్న మనిషి చెప్పే జవాబిది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఊళ్లోవాళ్లు 'ఖాళీ' అంటే పడొచ్చు. మా అమ్మే తనని ఖాళీ చేసుకుంటుంది.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే కాదని చాలాకాలం కిందటే ఒకామె రాసింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా ప్రాంతానికి వచ్చి, లేసు అల్లే స్త్రీలతో మాట్లాడి, 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. దాని పేరు 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. ఆమె చెప్పింది క్లుప్తంగా ఇది: ఈ స్త్రీలు ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్నారు, కానీ వాళ్లను గృహిణులు అంటున్నారు. గృహిణి తీరిక వేళలో చేసేది పని కాదు కాబట్టి దానికి కూలి ఎంత తక్కువిచ్చినా చెల్లుతుంది. ఇంకో సంగతి కూడా ఆమె గమనించింది. ఆ రోజుల్లో పొలం కూలికి వెళ్లే దళిత స్త్రీలకు లేసు అల్లే స్త్రీలకంటే ఎక్కువ కూలి వచ్చేది. అయినా నీడపట్టున కూర్చుని చేసే పని కాబట్టి లేసుకే గౌరవం ఎక్కువ. మా మామ్మ నాట్ల రోజుల్లో పొలానికి వెళ్లేది, మిగతా రోజుల్లో లేసు అల్లేది. రెండూ తెలిసిన మనిషి. ఆ పుస్తకంలో సంగతి చెబితే నవ్వింది. "పొలంలో డబ్బులొచ్చేయి, లేసులో గౌరవం వచ్చేది. గౌరవం వండుకు తినలేం కదే" అంది.

ఇక మా నల్లోడి సంగతి. నల్లోడు మా వీధి కుక్క. మాదీ కాదు, ఎవరిదీ కాదు. రాత్రి మిగిలిన అన్నంలో కాస్త చేప పులుసు కలిపి పెడతాను, వచ్చి తింటాడు. ఒక చెవి కొస కత్తిరించి ఉంటుంది. ఆపరేషను అయిన వీధి కుక్కకు అది గుర్తు. "ఉద్యోగం సద్యోగం లేదు గానీ కుక్కలకి అన్నాలు" అని ఒక వదిన వరస ఆమె నాకు వినపడేలాగే అంది. ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో లూయీ పాశ్చర్ రేబిస్ టీకాను మొదటిసారి మనిషికి వేసిన రోజు అది. రెండేళ్లుగా నల్లోణ్ణి తాడు కట్టి తీసుకెళుతున్నాను. అక్కడ లైన్లో బొచ్చు కుక్కలు, పొడుగు చెవుల కుక్కలు, మెడలకు బెల్టులు. నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏం జాతమ్మా?" అని అడిగారు. "నాటు కుక్కండి" అన్నాను. ఆయన కాసేపాగి, "మీరెక్కడుంటారు?" అన్నారు. ఊరి పేరు చెప్పాను. "ఊళ్లో ఎటేపు?" అన్నారు. ఆ ప్రశ్న దేనికో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. "మీ కుక్కకీ మా కుక్కకీ వేసేది ఒకే సీసాలో మందేనండి" అన్నాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు. నల్లోడు మాత్రం సూది పడగానే వీధంతా వినపడేలా ఏడ్చి, ఇంటికొచ్చాక పులుసన్నం మామూలుగా తిన్నాడు.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శిలాశాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెప్పే శాసనం కూడా వాటిలో ఉంది. టీకా కోసం నిలబడ్డ లైన్లో అది గుర్తొచ్చింది. రాజు చేసిన పనిని రాతి మీద చెక్కారు. పరవాలేదు, నల్లోడి చెవి మీద కూడా ఒక గుర్తుంది. ఎవరో వాడికోసం పని చేశారని అది చూస్తే తెలుస్తుంది.

ఇంతవరకూ చెప్పింది ఊరి సంగతి. ఇప్పుడు మన సంగతి చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి, రాయాలనే అనుకున్నాను.

ఏజెంటు ఇచ్చే డిజైన్లు కాకుండా నాకంటూ కొన్ని అల్లుకుంటాను. వాటిలో ఒకటి రావి ఆకు. ఈనెలు విడివిడిగా కనబడాలి, కొస సన్నగా సాగాలి. ఆ కొస కుదరడానికి నాకు పదకొండు ముక్కలు పట్టింది. నీలం దారంతో అలాంటి ఆకులు 21 అల్లి, వరసగా గొలుసుకు కలిపి ఒక తోరణం చేశాను. మా ఇంట్లో బుద్ధుడి బొమ్మ, బాబాసాహెబ్ ఫొటో ఉన్న అలమరకు కట్టాను. విహారం నుంచి వచ్చిన పెద్దలు చూసి చాలా మెచ్చుకున్నారు. వెంటనే, "అమ్మాయ్, బుద్ధ పూర్ణిమకి ఇలాంటివి ఓ పది అల్లిపెట్టు. ఖాళీగానే ఉన్నావుగా" అన్నారు.

ఒక తోరణానికి నాకు 14 గంటలు పడుతుంది. పదికి 140 గంటలు. నవంబరు నెలంతా నేను అల్లినదానికంటే ఎక్కువ. దారం ఖర్చు వేరే. ఆ మాటే మెల్లగా చెప్పాను. దారం ఖర్చు, గంటల లెక్క రెండూ కాగితం మీద రాసి ఇచ్చాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, "ఇది దానం కదమ్మా, లెక్కలు చూసుకుంటామా?" అన్నారు. అదే సమావేశంలో షామియానాకు ఎంత, మైకు సెట్టుకు ఎంత, వంటవాళ్లకు ఎంత అని లెక్కలు రాసుకున్నారు. మైకు పెట్టే అబ్బాయి కూడా మనవాడే. అతన్ని దానం చేయమని అడగలేదు. అడగకపోవడమే సరైంది. అది అతని బతుకుతెరువు.

దానం ఇచ్చేవాళ్ల ఇష్టం. నేను విహారానికి రెండు తోరణాలు దానంగా ఇస్తానని నా అంతట నేనే చెప్పాను. మిగతా ఎనిమిదీ పని. పనికి కూలి ఉంటుంది. సమ్యక్ ఆజీవం గురించి మన ఉపన్యాసాల్లో ఎన్నోసార్లు వింటాం. ఏ వ్యాపారాలు చేయకూడదో చెబుతారు. కానీ బుద్ధుడు సిగాలుడికి చేసిన బోధలో ఇంకో వైపు కూడా ఉంది. పని చేయించుకునేవాళ్లు పనివాళ్ల శక్తికి తగ్గ పని ఇవ్వాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూడాలి, విశ్రాంతి ఇవ్వాలి. గృహస్థులకు చెప్పిన మాటలివి. వాటిలో శక్తికి తగ్గ పని, జీతం, విశ్రాంతి అనే మూడూ మా అరుగుల మీదికి ఇంకా రాలేదు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పనిని 48కి తగ్గించిన సవరణ 1946లో వచ్చింది. ఏప్రిల్ 14న మనం గర్వంగా చెప్పుకునే విషయాల్లో ఇదొకటి. కానీ ఫ్యాక్టరీకి గేటుంటుంది, సైరను ఉంటుంది, హాజరు పట్టీ ఉంటుంది. అరుగుకు అవేవీ లేవు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. మన దేశం దానికి ఇంకా ఆమోదం తెలపలేదు. అందుకే మా పనికి గంటలు లేవు. గంటలు లేవు కాబట్టి అది పనే కాదన్నట్టు అయిపోయింది.

విహారంలో ఆ రోజు చివరికి ఏమైందంటే, వెనక వరసలో కూర్చున్న ఒక పెద్ద ఉపాసిక లేచింది. ఆమె కూడా ఒకప్పుడు లేసు అల్లిన మనిషే. "పిల్ల అడిగిందాంట్లో తప్పేముందయ్యా? మనం ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు?" అంది. రవిక ముడిలోంచి 200 రూపాయలు తీసి నా చేతిలో పెట్టింది. ఆ డబ్బు దారానికి వాడాను. మరో నెలకు కమిటీ వాళ్లు కబురు చేశారు. నాలుగు తోరణాలకు డబ్బిస్తామన్నారు. నేను గంటకు 40 రూపాయలు అడిగితే 25 దగ్గర ఆగారు. ఏజెంటు ఇచ్చే దానికి రెండింతలు. నాకు పూర్తిగా తృప్తి లేదు, అయినా ఒప్పుకున్నాను. 'తోరణాల కూలి' అని వాళ్ల ఖర్చుల పుస్తకంలో ఒక పద్దు వచ్చింది. షామియానా, మైకు, వంట తర్వాత నాలుగో పద్దు అది.

ఇప్పుడు జనాభా లెక్కలు రాబోతున్నాయి. 2027 ఫిబ్రవరిలో మనుషుల వివరాలు రాసుకోవడానికి ఇంటింటికీ వస్తారు. ఈసారి కులం కూడా లెక్కిస్తారు. మతం గడిలో ఏం రాయించాలి, కులం గడిలో ఏం రాయించాలి అని మన విహారాల్లో చాలా చర్చ నడుస్తోంది. 1990 సవరణతో బౌద్ధులకూ ఎస్సీ హోదా ఉందని ఇంటింటికీ చెబుతున్నారు. ఇది చాలా అవసరం, జరగాల్సిందే. కానీ అదే ఫారంలో పని గురించి కూడా అడుగుతారు. ఆ గడి గురించి ఇప్పటిదాకా ఏ సమావేశంలోనూ ఒక్కరూ మాట్లాడగా నేను వినలేదు.

2011 లెక్కల్లో పద్ధతి ఏమిటంటే, ఏడాదిలో ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ పనిచేస్తే ప్రధాన శ్రామికులు, అంతకంటే తక్కువైతే ఉపాంత శ్రామికులు. ఏ పనీ లేదంటే శ్రామికేతరులు. ఇంట్లోనే ఉంటానన్న ఆడవాళ్లు సాధారణంగా మూడో దాంట్లో, 'ఇంటి పనులు' అనే మాట కింద పడతారు. మా అమ్మ ఏడాది పొడుగునా లేసు అల్లుతుంది. ఆ లెక్కన ఆమె ప్రధాన శ్రామికురాలు. కానీ వచ్చినవాళ్లు మొదట అడిగేది ఇంటి పెద్దని. మా నాన్న తన గురించి 'మేస్త్రీ' అని చెప్పి, అమ్మ గురించి ఏం చెబుతారు? అమ్మనే అడిగినా తనేం చెబుతుందో పైన రాశాను.

అందుకని మా ఇంట్లో నేర్పడం మొదలుపెట్టాను. లెక్కల మనిషిలాగా నోటు పుస్తకం పట్టుకుని కూర్చుని, "మీరేం చేస్తారమ్మా?" అని అడుగుతాను. మొదటిరోజు అమ్మ సిగ్గుపడి నవ్వింది. రెండోరోజు "నీ మొహం, పొయ్యి మీద అన్నం ఉంది" అంది. వారం తర్వాత, సూది దించకుండానే, "లేసు పని. రాసుకో" అంది. మామ్మ పక్కనుంచి, "నాది కూడా రాయి, పొలం పనీ లేసు పనీ" అంది. ఇప్పుడు ఆమెకు కళ్లు సరిగా కనిపించవు, ఏ పనీ చేయలేదు. అయినా నా నోటు పుస్తకంలో రాసుకున్నాను.

ఈ పత్రిక చదివే అన్నలకు, నాన్నలకు ఒక్క మాట. లెక్కల మనిషి మీ గుమ్మంలోకి వచ్చి మీ ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తారని అడిగినప్పుడు, జవాబు మీరు చెప్పకండి. లోపలికి పిలిచి వాళ్లనే చెప్పనివ్వండి. బీడీలు చుట్టేవాళ్లుంటారు, మిషను కుట్టేవాళ్లుంటారు, గేదెల్ని చూసుకుని పాలు పోసేవాళ్లుంటారు, నాలాగా అల్లేవాళ్లుంటారు. ఫిబ్రవరిలోపు మీ విహారంలో ఒక ఆదివారం ఈ గడి గురించి కూడా మాట్లాడుకోండి. ఆ సమావేశానికి తోరణాలు కావాలంటే అల్లిస్తాను. రేటు ముందే చెబుతున్నాను, గంటకు 40.